కడుపులో నీరు, సీఏ-125 రిపోర్టులో 842: ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని మహిళ వయసు 29. ఉప్పల్ దగ్గర ఒక కాలనీలో భర్త, అత్త, నాలుగేళ్ల కూతురితో ఉంటుంది. ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. రాయడానికి ఆమె ఒప్పుకుంది, అయినా గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నా ఓపీకి వచ్చేటప్పటికి ఆమె చేతిలో మూడు కాగితాలు ఉన్నాయి. ఒకటి హెల్త్ ప్యాకేజీ రక్తపరీక్ష రిపోర్టు, రెండోది స్కానింగ్ రిపోర్టు, మూడోది గర్భసంచి, రెండు అండాశయాలు, పేగుల ముందు వేలాడే ఒమెంటమ్ అనే కొవ్వు పొర తీసేయడానికి ఒక ఆసుపత్రి రాసిచ్చిన ఖర్చు అంచనా. అడ్వాన్స్ కట్టడం కోసం పుస్తెలతాడు అప్పటికే తాకట్టులో ఉంది.

మూడు నెలలుగా కడుపు ఉబ్బరం. నాలుగు ముద్దలు తినగానే ఇక చాలనిపించేది. పొట్ట దగ్గర బట్టలు బిగుతైపోతున్నాయి, భుజాల దగ్గర వదులవుతున్నాయి. గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో అడిగి సిరప్ తాగింది. నెలసరి వస్తోంది కానీ రెండు నెలలుగా చాలా తక్కువ. ఈలోగా కాలనీలో పెట్టిన హెల్త్ క్యాంపులో 'మహిళల ప్యాకేజీ' పేరుతో థైరాయిడ్, షుగర్, విటమిన్లతో పాటు ఓవరీ క్యాన్సర్ విషయంలో వాడే సీఏ-125 అనే రక్తపరీక్ష కూడా చేశారు. ఆ పరీక్ష ఎందుకో ఎవరూ చెప్పలేదు. రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. ఒక్క అంకె మాత్రం లావు అక్షరాల్లో ఉంది: 842. పక్కన నార్మల్ 35 లోపు అని. ఆ రాత్రి భర్త ఫోన్‌లో వెతికి చూశాక ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

స్కానింగ్‌లో కడుపులో మోస్తరుగా నీరు ఉంది. కుడి అండాశయం దగ్గర 5 సెంటీమీటర్ల గడ్డ, అందులో గదులు గదులుగా ద్రవం, కొంత గట్టి భాగం. ఒమెంటమ్ మందంగా కనిపించింది. ఇవన్నీ కలిపి చూసి, ఇది ఓవరీ క్యాన్సర్ మూడో స్టేజీ అనీ, వారంలోగా ఆపరేషన్ చేయాలనీ వాళ్లకు చెప్పారు.

పుస్తకం లెక్క కూడా దాదాపు అదే చెబుతుంది. 1990లో ఇయాన్ జేకబ్స్ బృందం ఇచ్చిన ఆర్‌ఎంఐ అనే స్కోరును మేం ఇప్పటికీ వాడతాం. అది మూడు అంకెల గుణకారం. స్కాన్‌లో అనేక గదులు, గట్టి భాగాలు, రెండువైపులా గడ్డలు, నీరు, వేరే చోటికి పాకిన గుర్తులు అనే ఐదింటిలో ఏదీ లేకపోతే 0, ఒకటుంటే 1, రెండు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 3. నెలసరి ఆగిపోయి ఉంటే 3, లేకపోతే 1. దీన్ని సీఏ-125 అంకెతో గుణించాలి. ఆమెకు 3ను 1తో, 842తో గుణిస్తే 2526. 200 దాటితేనే రిస్క్ ఎక్కువ అంటాం. కాబట్టి ఆమెను క్యాన్సర్ సర్జన్‌కు చూపించాలన్నది సరైన నిర్ణయమే. కానీ ఆ స్కోరు పెట్టింది రోగిని ఎవరు చూడాలో తేల్చడానికి. శరీరంలోంచి ఏం తీసేయాలో అది తేల్చదు.

నన్ను ఆపింది ఆమె వయసు. సీఏ-125ను బాగా పెంచే మామూలు ఓవరీ క్యాన్సర్లు, అంటే ఎపిథీలియల్ రకం, ఎక్కువగా 50 దాటినవాళ్లలో వస్తాయి. 29 ఏళ్లకు అసలు రావని కాదు. కానీ మన దగ్గర ఈ వయసు అమ్మాయికి కడుపులో నీరు చేరి, బరువు తగ్గి, సీఏ-125 వందల్లో ఉంటే క్యాన్సర్ పక్కనే ఇంకో పేరు కూడా రాసుకోవాలి. కడుపు టీబీ. స్కాన్‌లోనూ రక్తంలోనూ ఇది ఓవరీ క్యాన్సర్ లాగే కనిపిస్తుంది. రెండింటికీ చికిత్స మాత్రం పూర్తిగా వేరు. ఒకదానికి పెద్ద ఆపరేషన్, కీమోథెరపీ. రెండోదానికి ఆరు నెలల మందులు.

ఆ అంకె ఎందుకు పెరుగుతుంది

సీఏ-125 ఒక పెద్ద ప్రోటీన్. శాస్త్రంలో దాని పేరు ఎంయూసీ16. 1981లో అమెరికాలో రాబర్ట్ బాస్ట్ బృందం ఓవరీ క్యాన్సర్ కణాలకు అంటుకునే ఒక యాంటీబాడీని తయారుచేసింది. దాని ఆధారంగా 1983లో రక్తపరీక్ష వచ్చింది. 35 అనే హద్దు అప్పటిదే. ఆ అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 1 శాతం మందిలోనే 35 దాటింది. ఓవరీ క్యాన్సర్ ఉన్నవాళ్లలో 82 శాతం మందిలో దాటింది. ఈ రెండు అంకెలు విన్నవాళ్లకు ఇంతకంటే మంచి పరీక్ష ఉండదనిపిస్తుంది. అయితే ఆ క్యాన్సర్ రోగుల్లో చాలామందికి జబ్బు అప్పటికే ముదిరి ఉంది. మొదటి స్టేజీలో ఉన్నవాళ్లను మాత్రమే తీసుకుంటే సుమారు సగం మందిలోనే ఇది పెరుగుతుంది.

ఇంకో సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. ఈ ప్రోటీన్‌ను క్యాన్సర్ కణాలొక్కటే తయారుచేయవు. కడుపు లోపలి గోడను కప్పే పెరిటోనియం పొర, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే ప్లూరా, గుండె చుట్టూ ఉండే పొర, గర్భసంచి లోపలి పొర కూడా తయారుచేస్తాయి. ఆ పొరలకు వాపు వచ్చినా, నీరు చేరి అవి సాగినా రక్తంలో అంకె పెరుగుతుంది. అందుకే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం), గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, కటి భాగంలో ఇన్ఫెక్షన్, లివర్ సిర్రోసిస్, గుండె వైఫల్యం, గర్భం మొదటి నెలలు, చివరికి మామూలు నెలసరి రోజుల్లో కూడా సీఏ-125 35 దాటవచ్చు. నెలసరికి పెరిగేది కొద్దిగానే. టీబీ, సిర్రోసిస్‌లలో మాత్రం కడుపులో నీరు ఉన్నప్పుడు వందల్లోకి వెళ్లడం మామూలే. టీబీలో వెయ్యి దాటినవాళ్లనూ చూశాను. కాబట్టి "ఇంత ఎక్కువుంటే క్యాన్సరే" అనే మాట ఎవరన్నా సరే ఒప్పుకోను.

ఓపీలో అడిగిన ప్రశ్నలు

ఆమెతో భర్త, వదిన వచ్చారు. నేను కూర్చోమనేలోపే భర్త అడిగాడు: "ఆపరేషన్ అయినంక మా ఆమె ఎన్ని రోజులు ఉంటది మేడమ్?" ఆమె పక్కనే ఉంది. వింటోంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ముందు జబ్బేమిటో తెలియాలని, అది ఇంకా ఎవరికీ తెలియదని చెప్పాను.

జ్వరం వస్తోందా అంటే లేదంది. సాయంత్రం పూట ఒళ్లు వెచ్చగా అనిపిస్తోందా అని అడిగితే, "మిషన్ మీద కూసుంటే రోజూ గట్లనే ఉంటది మేడమ్, పనికి అనుకున్న" అంది. రాత్రి చెమటకు దిండు తడుస్తోంది, ఎండాకాలం కదా అని పట్టించుకోలేదు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అంటే ముగ్గురూ లేదన్నారు. ఈ ప్రశ్నను ఇలా అడిగితే మన ఇళ్లలో దాదాపు ఎప్పుడూ ఇదే జవాబు వస్తుంది. మాట మార్చి, ఇంట్లో ఎవరైనా చాలా నెలలు వరసగా మందులు వాడారా, దగ్గుతో ఆసుపత్రిలో ఉన్నారా అని అడిగాను. వదిన కాసేపు ఆలోచించి, "అత్తమ్మకు నిరుడు నెమ్ము చేసింది మేడమ్. ఎర్రగడ్డ దవాఖానకు తీస్కపోయినం. ఆర్నెల్లు గోలీలు మింగింది" అంది. ఎర్రగడ్డ అంటే ఛాతీ ఆసుపత్రి. ఆరు నెలల గోలీలు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అత్త, కోడలు పగలంతా ఒకే గదిలో ఉంటారు.

పరీక్ష చేసి చూస్తే బరువు 43 కిలోలు. కడుపు అంతటా కొద్దిగా నొప్పి, నొక్కితే పిండిముద్దలా చేతికి తగులుతోంది. టీబీలో ఇలా ఉంటుందని చదువుకునే రోజుల్లో మాకు గట్టిగా చెప్పేవారు. మెడలో గడ్డలు లేవు. కుడివైపు ఊపిరితిత్తుల అడుగున శ్వాస శబ్దం కాస్త తక్కువ.

మళ్లీ రక్తం ఎందుకు తీశాం

పాత రిపోర్టు ఉండగా మళ్లీ పరీక్ష ఎందుకని భర్త అడిగాడు. సమంజసమైన ప్రశ్న. కారణం ఏమిటంటే సీఏ-125 అంకె ఒక్కో కంపెనీ యంత్రంలో ఒక్కోలా వస్తుంది. ఒక ల్యాబ్‌లో 842 వచ్చిన రక్తం ఇంకో ల్యాబ్‌లో 700 చూపించవచ్చు, రెండూ తప్పు కాదు. తర్వాతి నెలల్లో పెరిగిందా తగ్గిందా అని పోల్చాలంటే మొదటి అంకె, చివరి అంకె ఒకే ల్యాబ్‌లో, ఒకే యంత్రం మీద రావాలి. జుట్టు కోసం బయోటిన్ బిళ్ళలు వేసుకుంటోందా అని కూడా అడిగాం. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని యంత్రాల్లో ఇలాంటి పరీక్షల అంకెను తప్పుగా తగ్గించి చూపిస్తుంది. ఆమె వేసుకోవడం లేదు. మా దగ్గర 806 వచ్చింది.

29 ఏళ్ల అమ్మాయికి గడ్డ ఉంటే సీఏ-125 ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ఈ వయసులో వచ్చే అండాశయ క్యాన్సర్లలో అండాలను తయారుచేసే కణాల్లో పుట్టే జర్మ్ సెల్ రకం ముఖ్యమైనది. వాటికి మార్కర్లు, అంటే జబ్బును సూచించే రక్తంలోని పదార్థాలు, వేరు. యోక్ సాక్ ట్యూమర్‌లో ఏఎఫ్‌పీ, కోరియోకార్సినోమాలో బీటా హెచ్‌సీజీ, డిస్‌జెర్మినోమాలో ఎల్‌డీహెచ్ పెరుగుతాయి. ఆమెకు మొదటి రెండూ మామూలుగా ఉన్నాయి, ఎల్‌డీహెచ్ కొద్దిగా ఎక్కువ, అది టీబీలోనూ ఉండొచ్చు. కడుపు, పేగుల క్యాన్సర్ అండాశయాలకు పాకినా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి సీఈఏ, సీఏ 19-9 చూశాం. రెండూ మామూలే.

హెచ్‌ఈ4 అనే ఇంకో మార్కర్ కూడా పంపాను. అమెరికాలో 2008లో దీనికి అనుమతి వచ్చింది. ఓవరీ క్యాన్సర్‌లో పెరుగుతుంది, ఎండోమెట్రియోసిస్ లాంటి మామూలు జబ్బుల్లో మాత్రం సీఏ-125 పెరిగినంతగా ఇది పెరగదు. అయితే కిడ్నీ పనిచేయకపోతే పెరుగుతుంది, అందుకే క్రియాటినిన్ పక్కన పెట్టుకుని చదవాలి. ఆమెకు హెచ్‌ఈ4 42, క్రియాటినిన్ మామూలు. ఈ రెండు మార్కర్లను కలిపి రోమా అనే శాతం లెక్కకడతారు. ఆమెకు 6.4 శాతం వచ్చింది. నెలసరి ఇంకా వస్తున్నవాళ్లకు మా యంత్రంలో 11.4 దాటితే రిస్క్ ఎక్కువ. ఒకే మనిషికి ఆర్‌ఎంఐ 2 వేలు దాటింది, రోమా తక్కువ రిస్క్ అంటోంది. దీనికి కారణం ఫార్ములాలోనే ఉంది. నెలసరి ఉన్నవాళ్ల రోమా లెక్కలో సీఏ-125కి చాలా తక్కువ ప్రాధాన్యం ఇచ్చారు, బరువంతా హెచ్‌ఈ4 మీదే పెట్టారు. చిన్న వయసులో సీఏ-125 ఎన్ని కారణాలతో పెరుగుతుందో ఆ ఫార్ములా రాసినవాళ్లకు తెలుసు.

రోమా తక్కువ వచ్చిందని నేను ఊపిరి పీల్చుకోలేదు. ఒక స్కోరు భయపెట్టింది, ఇంకోటి ధైర్యం చెప్పింది. రెండూ లెక్కలే.

నీటిలో ఏముంది

కడుపులోని నీటిని సూదితో తీసి పంపాం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. నీటిలోంచి తీయొచ్చు, అండాశయ గడ్డలోకి మాత్రం సూది గుచ్చకూడదు. అది ఒకవేళ మొదటి స్టేజీ క్యాన్సర్ అయితే, మూసి ఉన్న గడ్డను మన చేతులతోనే కడుపులోకి ఒలికించినట్టు అవుతుంది. గడ్డలోకి సూది గుచ్చి కణాలు తీసే పరీక్షకు "ఎఫ్‌ఎన్‌ఏసీ చేయించుకుని రండి" అని చీటీ రాసి పంపడం ఇప్పటికీ అక్కడక్కడా చూస్తున్నాను. దయచేసి రాయకండి.

నీరు గడ్డిరంగులో ఉంది. ప్రోటీన్ 5.1. రక్తంలో ఆల్బుమిన్ 3.1, నీటిలో 2.4, తేడా 0.7. ఈ తేడా 1.1 కంటే తక్కువుంటే లివర్ జబ్బు వల్ల చేరిన నీరు కాదని అర్థం, పొర మీదే జబ్బు ఉందని అర్థం. అది టీబీ కావచ్చు, క్యాన్సరూ కావచ్చు. కణాలు 1400, అందులో 88 శాతం లింఫోసైట్లు. క్యాన్సర్ కణాలు కనిపించలేదు. ఏడీఏ 68. ఈ ఎంజైమ్ 39 దాటితే కడుపు టీబీ వైపు గట్టిగా మొగ్గుతాం, కానీ లింఫోమాలోనూ, కొన్నిసార్లు పొరకు పాకిన క్యాన్సర్‌లోనూ పెరుగుతుంది. నీటి మీద చేసిన సీబీనాట్‌లో, అంటే టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్షలో, ఆ క్రిమి దొరకలేదు. కడుపు నీటిలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి, కాబట్టి దొరకకపోతే టీబీ లేదని కాదు.

సీటీ స్కాన్‌లో పెరిటోనియం పొర నున్నగా, అంతటా ఒకేలా మందంగా ఉంది. క్యాన్సర్‌లో ఎక్కువగా ఎగుడుదిగుడుగా, ముద్దలు ముద్దలుగా ఉంటుంది. పేగుల మధ్య లింఫ్ గ్రంథులు పెద్దవయ్యాయి, వాటి నడిబొడ్డు నల్లగా ఉంది. ఛాతీ ఎక్స్‌రేలో కుడివైపు అడుగున కొద్దిగా నీరు. ఒంట్లో వాపును సూచించే ఈఎస్‌ఆర్ 78. హెచ్‌ఐవీ లేదు.

ఈ దశలో కొందరు డాక్టర్లు టీబీ మందులు మొదలుపెట్టి, రెండు నెలల్లో తగ్గితే టీబీయే అని తేలుస్తారు. కొన్ని పరిస్థితుల్లో అదీ తప్పుకాదు. ఈమె విషయంలో నాకు అది నచ్చలేదు. 5 సెంటీమీటర్ల గడ్డ ఉంది. ఒకవేళ క్యాన్సరే అయితే రెండు నెలలు పోతాయి. టీబీయే అయితే ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమా కాదా అన్నది ముక్క దొరికితేనే తెలుస్తుంది. ఇంకోటి, క్యాన్సర్ అనే మాట ఒకసారి విన్న ఇంట్లో "బహుశా టీబీ" అని చెప్పి ఆరు నెలలు నడిపించడం చాలా కష్టం. మధ్యలో ఏ చుట్టమో ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్తాడు, మందులు ఆగిపోతాయి.

లాపరోస్కోపీ

పొట్ట మీద చిన్న కోతతో కెమెరా పెట్టి చూసి, ముక్క తీయాలని నిర్ణయించాం. ఇలాంటి కడుపులో పేగులు గోడకు అతుక్కుని ఉంటాయి. గుడ్డిగా సూది దింపితే పేగు చిల్లు పడుతుంది, అందుకే మొదటి దారిని కంటితో చూస్తూ తెరిచాం. సంతకం తీసుకునే ముందు భర్తకు, ఆమెకు ఒక మాట స్పష్టంగా చెప్పాను: ఈరోజు చూస్తాం, ముక్క తీస్తాం, ఏ అవయవమూ తీయం. క్యాన్సర్ అని తేలినా దాని సంగతి మళ్లీ మాట్లాడుకున్నాకే.

లోపల పొర నిండా, పేగుల మీద, గర్భసంచి మీద 2 నుంచి 4 మిల్లీమీటర్ల తెల్లటి గింజలు. అంతటా ఒకే సైజు. పల్చటి పొరలతో పేగులు ఒకదానికొకటి అంటుకున్నాయి. కుడివైపు గడ్డ అని స్కాన్‌లో కనిపించింది నిజానికి ఉబ్బిన ట్యూబు, అండాశయం, మధ్యలో చిక్కుకున్న నీరు. అండాశయం లోపల కణితి లేదు. ఒమెంటమ్ నుంచి, పొర నుంచి ముక్కలు తీశాం. అక్కడికక్కడే చేసిన ఫ్రోజెన్ సెక్షన్‌లో పాథాలజిస్టు గ్రాన్యులోమాలు, అంటే టీబీ లాంటి జబ్బుల్లో కణాలు గుమిగూడి ఏర్పడే చిన్న ముద్దలు, ఉన్నాయని, క్యాన్సర్ కనిపించలేదని చెప్పారు.

ముక్కలను రెండు డబ్బాల్లో పంపాలి. ఒకటి ఫార్మలిన్‌లో, హిస్టోపాథాలజీకి. రెండోది సెలైన్‌లో, సీబీనాట్‌కూ కల్చర్‌కూ. ఫార్మలిన్‌లో పడితే క్రిములు చనిపోతాయి, కల్చర్‌కు ఇక పనికిరాదు. ఆపరేషన్ థియేటర్‌లో హడావుడిగా అన్నీ ఒకే డబ్బాలో వేసేస్తే మళ్లీ ఆ అవకాశం రాదు. సిస్టర్‌కు ముందు రోజే చెప్పి రెండు డబ్బాలు పెట్టించుకోవడం నాకు అలవాటు.

అయిదో రోజు రిపోర్టు వచ్చింది. మధ్యలో జున్నులా కుళ్లిన భాగంతో గ్రాన్యులోమాలు, టీబీలో కనిపించే లాంగ్‌హాన్స్ అనే పెద్ద కణాలు. ముక్క మీద సీబీనాట్‌లో టీబీ క్రిమి దొరికింది, రిఫాంపిసిన్‌కు లొంగే రకం. క్యాన్సర్ లేదు.

ఆ మాట చెప్పినప్పుడు భర్త ముందు నమ్మలేదు. "మరి గా 842 ఏంది మేడమ్?" అన్నాడు. అతని ప్రశ్న న్యాయమైనది. ఆ అంకె తప్పు కాదని, కడుపు లోపలి పొర అంతా వాచి ఉందని అది నిజంగానే చెప్పిందని, ఎందుకు వాచిందో చెప్పే శక్తి దానికి లేదని వివరించాను. రిపోర్టు కాపీ ఇచ్చి, క్యాన్సర్ అని చెప్పిన చోట కూడా చూపించమన్నాను.

ప్యాకేజీలో ఈ పరీక్ష ఎందుకు ఉండకూడదు

ఈ ఒక్క అమ్మాయి కోసమే అయితే ఇంత రాసేదాన్ని కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా ప్యాకేజీల కాగితాల్లో సీఏ-125 కనిపిస్తోంది. ఏ ఇబ్బందీ లేని మహిళలు చేయించుకుంటున్నారు, 48 వచ్చిందని ఏడుస్తూ వస్తున్నారు. ఏ లక్షణాలూ లేనివాళ్లలో ఈ పరీక్షతో ఓవరీ క్యాన్సర్‌ను ముందే పట్టుకుని ప్రాణాలు కాపాడగలమా అని ప్రపంచంలో చాలా పెద్ద ఎత్తున పరిశోధించారు. బ్రిటన్‌లో 50 నుంచి 74 ఏళ్ల మధ్య ఉన్న రెండు లక్షల మందికి పైగా మహిళలను ఏళ్ల తరబడి గమనించారు. 2021లో తుది ఫలితం వచ్చింది. ఏటా సీఏ-125 చేస్తే తొలి దశ క్యాన్సర్లు కొన్ని ఎక్కువగా దొరికాయి, కానీ ఆ జబ్బుతో చనిపోయేవాళ్ల సంఖ్య తగ్గలేదు. అమెరికాలో 78 వేల మందితో చేసిన అధ్యయనం 2011లోనే ఇదే చెప్పింది. అక్కడ 3,285 మందికి క్యాన్సర్ లేకుండానే పరీక్ష అనుమానం చూపించింది. వాళ్లలో 1,080 మందికి ఆపరేషన్ జరిగింది. ఆ ఆపరేషన్ అయినవాళ్లలో 15 శాతం మందికి కనీసం ఒక తీవ్రమైన ఇబ్బంది వచ్చింది. లేని జబ్బు కోసం.

అక్కడి అధ్యయనాలకే ఫలితం అలా ఉంటే, టీబీ, ఎండోమెట్రియోసిస్, కటి ఇన్ఫెక్షన్లు ఇంత ఉన్న మన దగ్గర, అదీ ముప్పై ఏళ్లవాళ్లకు ప్యాకేజీలో ఈ పరీక్ష చేయడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. పరీక్ష రాసే డాక్టరుకు గానీ, చేసే ల్యాబుకు గానీ ముందుగా ఒక ప్రశ్న ఉండాలి. స్కాన్‌లో గడ్డ కనిపించింది, దాని స్వభావం ఏమిటి? క్యాన్సర్‌కు చికిత్స జరుగుతోంది, మందు పనిచేస్తోందా? ఇలాంటి ప్రశ్నలకు సీఏ-125 బాగా ఉపయోగపడుతుంది. కీమోథెరపీ సమయంలో అంకె దిగుతుంటే ఇంట్లో అందరికీ ధైర్యం వస్తుంది, మాకూ వస్తుంది. చికిత్స పూర్తయ్యాక మాత్రం ప్రతి నెలా చేయించుకుని టెన్షన్ పడాల్సిన అవసరం లేదు. లక్షణాలేమీ లేకుండా కేవలం అంకె పెరిగిందని ముందే కీమో మొదలుపెట్టినా ఆయుష్షు పెరగలేదని 2010లో గోర్డన్ రస్టిన్ బృందం చూపించింది.

తల్లికో అక్కచెల్లెళ్లకో ఓవరీ, రొమ్ము క్యాన్సర్ వచ్చిన కుటుంబాల సంగతి వేరు. వాళ్లకు కావాల్సింది ప్యాకేజీ కాదు, ఈ క్యాన్సర్లు కుటుంబంలో రావడానికి కారణమయ్యే బీఆర్‌సీఏ జన్యువుల పరీక్ష గురించి కౌన్సెలింగ్.

ఇదంతా చదివి సీఏ-125 మామూలుగా వస్తే నిశ్చింతగా ఉండొచ్చని మాత్రం అనుకోవద్దు. దాదాపు ఇదే రోజుల్లో 58 ఏళ్ల ఒక పెద్దావిడ వచ్చారు. నెలసరి ఆగి ఏడేళ్లు. కడుపు ఉబ్బరం, మాటిమాటికీ మూత్రం. సీఏ-125 29 ఉందని ఒక చోట ఇంటికి పంపేశారు. స్కాన్‌లో 9 సెంటీమీటర్ల గడ్డ, లోపల గట్టి భాగాలు. ఆపరేషన్ చేస్తే మ్యూసినస్ రకం క్యాన్సర్. ఆ రకంలో సీఏ-125 తరచుగా పెరగదు. అదృష్టం కొద్దీ మొదటి స్టేజీలోనే ఉంది. 50 దాటిన మహిళకు రోజూ కడుపు ఉబ్బరంగా ఉండి, ఆకలి తగ్గి, అది రెండు మూడు వారాలు పోకపోతే రిపోర్టులో ఏ అంకె ఉన్నా స్కాన్ చేయించాలి.

చికిత్స, ఆ తర్వాత

ఉప్పల్ అమ్మాయి దగ్గరికి వస్తాను. టీబీ రోగుల ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టర్ అయిన నిక్షయ్‌లో పేరు నమోదు చేశాం. 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లు కూడా టీబీ కేసును ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి. మందులు ఇంటి దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చారు. 43 కిలోలకు రోజుకు మూడు బిళ్ళలు, రెండు నెలలు నాలుగు మందులు కలిసినవి, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు కలిసినవి, తోడుగా విటమిన్ బీ6. పోషకాహారం కోసం నెలకు 1,000 రూపాయలు ఆమె ఖాతాలో పడేలా వివరాలు ఇచ్చాం. 2024 నవంబరు దాకా అది 500 ఉండేది.

మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పాం. ఇంకో మాట గైనకాలజిస్టులు మరచిపోకుండా చెప్పాలి. రిఫాంపిసిన్ వాడుతుంటే గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయవు. ఆమె అప్పటికి ఆ మాత్రల మీదే ఉంది. మార్పించాం. కూతురికి, భర్తకు పరీక్షలు చేయించాం. జబ్బు లేదని తేలాక నివారణ మందులు మొదలుపెట్టారు. అత్తగారికి మళ్లీ కఫం పరీక్ష చేయిస్తే క్రిమి లేదు.

అత్త ఈ విషయంలో చాలా బాధపడింది. తన వల్లే కోడలికి వచ్చిందని. టీబీ ఎవరూ కావాలని అంటించేది కాదని, ఆరు నెలలు మందులు సరిగ్గా మింగి ఆమె ఇంట్లోవాళ్లకు మేలే చేసిందని చెప్పాను. ఆ తర్వాత కోడలి బిళ్ళలు రోజూ ఆవిడే చేతికి ఇచ్చేది.

మూడో వారంలో కాస్త వాంతులు అయ్యాయి, లివర్ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి, బిళ్ళలు రాత్రి పూట వేసుకోమంటే సర్దుకుంది. నెల తిరిగేసరికి ఆకలి వచ్చింది. రెండు నెలలకు స్కాన్‌లో నీరు లేదు, సీఏ-125 118. నాలుగు నెలలకు 31. భర్త ప్రతి వారం చేయిద్దామన్నాడు, వద్దన్నాను. చికిత్స ఫలితం ఆమె బరువులో, ఆకలిలో కనిపిస్తున్నప్పుడు ఆ డబ్బుతో గుడ్లు, పప్పులు కొనమన్నాను. బరువు 50 దాటాక రోజువారీ బిళ్ళలు మూడు నుంచి నాలుగయ్యాయి. ఆరు నెలలు పూర్తయ్యేటప్పటికి బరువు 51, సీఏ-125 14, కుడివైపు గడ్డ స్థానంలో మామూలు అండాశయం. నెలసరి పూర్వంలా వస్తోంది.

పుస్తెలతాడు విడిపించుకున్నారు. రెండో బిడ్డ గురించి అడిగింది. టీబీ ట్యూబుల మీద మచ్చలు వదిలి వెళ్లే అవకాశం ఉందని దాచకుండా చెప్పాను. మందులు ఆపిన కొన్ని నెలలకు ట్యూబుల ఎక్స్‌రే చేశాం. ఎడమ ట్యూబు తెరిచే ఉంది, కుడిది మూసుకుపోయింది. ఒక ట్యూబు బాగుంటే గర్భం రావచ్చు, కానీ అది గర్భసంచిలోనే ఉందా ట్యూబులో ఉందా అని తొలి వారాల్లోనే స్కాన్ చేసి చూడాలి. నెలసరి తప్పిన వెంటనే రావాలని చీటీ మీద రాసిచ్చాను. సీఏ-125 మళ్లీ ఎప్పుడు చేయించాలని భర్త అడిగితే, అవసరం లేదని అదే చీటీ కింద రాశాను.